ఫిట్స్ సిరప్ ఆపకండి, పుస్తెలతాడు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పొందూరు. మా బాబుకి ఐదున్నరేళ్ళు. మూడేళ్ళు దాటాక విశాఖపట్నంలో చూపిస్తే ఆటిజం అన్నారు. పది పన్నెండు మాటలు వచ్చు గానీ అడిగినప్పుడు రావు. పేరు పెట్టి పిలిస్తే పలకడు. నాలుగో ఏట రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. అప్పటి నుంచి పొద్దున్న, రాత్రి వాల్‌ప్రోయేట్ సిరప్ వేస్తున్నాం, మళ్ళీ రాలేదు. మావారు హైదరాబాద్‌లో పనిచేస్తారు. ఇంట్లో నేను, బాబు, మా అత్తగారు. ఆవిడ నూలు వడుకుతారు. వీడు రోజంతా ఆ రాట్నం ముందు కూచుని చక్రం చూస్తాడు, ఆపితే ఏడుస్తాడు. ఈమధ్య మా మరిది విశాఖలో ఒక సెంటర్‌కి తీసుకెళ్ళాడు. తలకి వైర్లు పెట్టి కంప్యూటర్‌లో మెదడు బొమ్మ ఎరుపు, నీలం రంగుల్లో చూపించారు. జుట్టు కత్తిరించేటప్పుడు పట్టుకున్నట్టే ఇద్దరం గట్టిగా పట్టుకుంటే గానీ వైర్లు పెట్టనివ్వలేదు. న్యూరోఫీడ్‌బ్యాక్ చేస్తే మందులు లేకుండా ఆటిజం తగ్గిపోతుందన్నారు. 40 సెషన్లు, ఒక్కోటి 1,500 రూపాయలు. బొమ్మకి 6,000 ఇప్పటికే కట్టాం. సగం సెషన్లు అయ్యాక ఫిట్స్ సిరప్ కూడా తగ్గించేయొచ్చన్నారు. వారానికి రెండుసార్లు వెళ్ళాలి, రానూపోనూ ఐదు గంటలు. పుస్తెలతాడు తాకట్టు పెడదామనుకుంటున్నాను. మందుల్లేని పద్ధతే కదా, నష్టమేముంది అంటున్నారందరూ. చిన్నప్పుడు ఫోను ఎక్కువ ఇచ్చాను, నా వల్లే ఇలా అయిందా అని నిద్ర పట్టడం లేదు. చేయించమంటారా?

సమాధానం:

అమ్మా,

డబ్బు సంగతి తర్వాత. మీ ఉత్తరంలో నన్ను కుదురుగా ఉండనివ్వని మాట ఒకటుంది. సగం సెషన్లయ్యాక ఫిట్స్ సిరప్ తగ్గించేయొచ్చన్నారని రాశారు. ముందు దానికి జవాబు చెబుతాను. ఆ సిరప్ ఆపకండి. తగ్గించకండి. ఒక్క పూట కూడా మానకండి. అది రాసిన డాక్టరు, లేదా ఫిట్స్ చూసే న్యూరాలజీ డాక్టరు చెబితే తప్ప ఎవరి మాటా వినకండి. మందులు రాసే అధికారం నాకు లేదు, నేను మాట రాని పిల్లలతో పనిచేసే స్పీచ్ థెరపిస్టుని. ఆ సెంటర్‌లో వైర్లు పెట్టే మనిషికీ ఆ అధికారం లేదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తిరిగి రావడమే కాదు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావచ్చు. అది ప్రాణం మీదకి వస్తుంది. విజయనగరంలో నా దగ్గరికి వచ్చే ఒక పాప ఇంట్లో, ఎవరో చెప్పారని, పాప చురుగ్గా ఉంటుందని మందు మానేశారు. తొమ్మిదో రోజు తెల్లవారుజామున మొదలైన ఫిట్ ఆసుపత్రికి చేరేదాకా ఆగలేదు. పాప బతికింది. కానీ అప్పటికి నేర్చుకున్న 'అమ్మ', 'నీలు' అనే రెండు మాటలు మళ్ళీ రావడానికి ఏడాది పైన పట్టింది. ఆ తల్లి ముఖం నాకింకా గుర్తుంది.

ఆటిజం ఉన్న పిల్లల్లో ఫిట్స్ మిగతా పిల్లల కంటే చాలా ఎక్కువ. కొందరికి చిన్నతనంలో వచ్చి తగ్గి, ఎదిగే వయసులో మళ్ళీ వస్తాయి. రెండేళ్ళ పాటు ఒక్క ఫిట్ కూడా రాకపోతే, అప్పుడు డాక్టరు ఆలోచించి, వారాలు, నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. సిరప్‌తో మత్తుగా ఉంటున్నాడనో, ఆకలి పెరిగిందనో అనిపిస్తే ఆ మాట డాక్టరుకే చెప్పండి. మోతాదు సరిచేస్తారు, లేదా వేరే మందుకి మారుస్తారు. ఇంకో చిన్న సంగతి: సీసా అయిపోవచ్చే దాకా చూడకండి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మందు దొరక్క రెండు రోజులు మానేసి ఫిట్స్‌తో వచ్చిన పిల్లల్ని చూశాను. ఇంట్లో ఎప్పుడూ ఒక సీసా అదనంగా ఉంచండి. ఒకవేళ ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, టైము చూడండి. నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలగుత్తి పెట్టే అలవాటు మానండి. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి.

ఇక 'మందులు లేకుండా' అన్న మాట. రెండు పూటలా పిల్లాడి నోట్లో సిరప్ పోస్తున్న తల్లికి ఆ మాట వింటే ప్రాణం లేచొస్తుంది, నాకు తెలుసు. కానీ ఒక్కసారి నింపాదిగా ఆలోచించండి. మాట, చూపు, నలుగురితో కలవడం వంటి ఆటిజం అసలు లక్షణాలకి పనిచేస్తుందని రుజువైన మందు ఇంతవరకూ లేనే లేదు. అమెరికాలో రిస్పెరిడోన్‌కి 2006లో, ఆరిపిప్రజోల్‌కి 2009లో అనుమతిచ్చారు గానీ అవి తనను తాను కొట్టుకోవడం, అదుపు లేని కోపం లాంటి వాటికే. నిద్ర పట్టని పిల్లలకి మెలటోనిన్ రాస్తారు. మీ బాబు తాగుతున్నది ఫిట్స్‌కి. అంటే ఆటిజం ఉన్న పిల్లాడికి మాట నేర్పే పని ఏనాడూ మందులతో జరగలేదు. స్పీచ్ థెరపీలో మందు లేదు. మీ అత్తగారు వాణ్ణి ఒళ్ళో వేసుకుని ఊపడంలో మందు లేదు. అన్నీ మందులేనివే అయినప్పుడు, అదొక్కటే గొప్పగా చెప్పి 60,000 అడిగితే, ఇంకేమిస్తారో కూడా చెప్పమని అడగాలి కదా.

అసలు ఈ న్యూరోఫీడ్‌బ్యాక్ ఏం చేస్తుందో చెబుతాను. మెదడు పనిచేసేటప్పుడు చిన్న చిన్న విద్యుత్తు అలలు పుడతాయి. తల మీద జిగురు పూసి బిళ్ళలు అంటిస్తే అవి అందుతాయి. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీంచి వాటిని నమోదు చేశాడు. అదే మనం ఈఈజీ అంటున్నది. సెకనుకి 4 నుంచి 8 సార్లు ఊగే అలల్ని తీటా అంటారు, 8 నుంచి 12 సార్లు ఊగే వాటిని ఆల్ఫా, ఇంకా వేగంగా ఊగే వాటిని బీటా. న్యూరోఫీడ్‌బ్యాక్‌లో కంప్యూటర్ ఈ అలల్ని అప్పటికప్పుడు లెక్కవేస్తుంది. వాళ్ళు కోరుకున్న అల పెరిగితే తెర మీద కారు పరిగెడుతుంది, తగ్గితే ఆగిపోతుంది. అలా మెప్పు ఇస్తూ పోతే మెదడు తన తీరు మార్చుకుంటుందని వాళ్ళ ఆలోచన. యంత్రం వినడమే గానీ తలలోకి కరెంటు పంపదు. ఆ భయం పెట్టుకోకండి.

ఆలోచన పిచ్చిది కాదు. 1960ల్లో అమెరికాలో బారీ స్టెర్మన్ అనే శాస్త్రవేత్త పిల్లుల మెదడులో ఒక రకం అల కనబడ్డప్పుడల్లా పాలు పోసేవాడు. పాల కోసం అవి ఆ అలని పెంచుకోవడం నేర్చాయి. తర్వాత రాకెట్ ఇంధనంలో వాడే ఒక రసాయనం వల్ల ఫిట్స్ ఎలా వస్తాయో చూడటానికి పిల్లులకి ఎక్కిస్తే, ఈ శిక్షణ పొందినవి మిగతా వాటి కంటే ఎక్కువ సేపు తట్టుకున్నాయి. చూశారా, ఈ పద్ధతి పుట్టిందే ఫిట్స్ దగ్గర. అలాంటి దాని పేరు చెప్పి ఫిట్స్ మందు మానమనడం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడటం లేదు.

పిల్లుల దగ్గర్నుంచి మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి చిక్కులు మొదలవుతాయి. తల మీద అందే మెదడు అలల బలం మైక్రోవోల్టుల్లో ఉంటుంది. మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షల్లో ఒక వంతు. కన్ను ఆర్పినా, పళ్ళు బిగించినా, మెడ తిప్పినా కండరాల్లోంచి పుట్టే విద్యుత్తు ఈ అలల్ని కప్పేస్తుంది. పళ్ళు బిగిస్తే వచ్చేది బీటా అలలాగే కనబడుతుంది కూడా. కదలకుండా అరగంట కూచోగలిగే పిల్లాడైతే ఆ గందరగోళాన్ని కొంత వేరుచేయొచ్చు. మీ బాబు సంగతి మీరే రాశారు, ఇద్దరు పట్టుకుంటే గానీ వైర్లు పెట్టనివ్వలేదని. ఏడుస్తూ, గింజుకుంటూ ఉన్న పిల్లాడి తల మీంచి తీసిన బొమ్మలో ఎరుపు ఎక్కడ మెదడుదో, ఎక్కడ బిగించిన దవడదో ఎవరు చెప్పగలరు? ఆ రంగులు మీ వాడి అలలు మిగతా పిల్లల సగటుకి ఎంత దూరంలో ఉన్నాయో చూపించే లెక్క మాత్రమే. ఆ బొమ్మ చూసి ఆటిజం ఉందనో, తగ్గిందనో చెప్పలేరు. ఆటిజాన్ని పిల్లాడితో గడిపి, తల్లిదండ్రులతో మాట్లాడి తేలుస్తారు. ఈఈజీ అవసరం ఫిట్స్‌కి, దాన్ని చదవాల్సింది న్యూరాలజిస్టు.

'కానీ కొంతమందికి తగ్గిందట' అని మీ మరిది అంటారు. అబద్ధం చెబుతున్నారని నేననను. నెదర్లాండ్స్‌లో ఒక బృందం ఆటిజం పిల్లల మీద దీన్ని చిన్నగా పరీక్షించినప్పుడు, తల్లిదండ్రులు నిజంగానే మెరుగుదల కనబడిందన్నారు. వాళ్ళు అక్కడితో ఆగలేదు, అందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. 2013లో మరింత పకడ్బందీగా చేశారు. 12 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని తీసుకుని కొందరికి ఈ శిక్షణ ఇచ్చారు, కొందరికి వైర్లు అలాగే పెట్టి, మెదడుకి బదులు చర్మం చెమ్మని బట్టి తెర నడిపారు, కొందరిని ఊరికే ఉంచారు. వైర్లు పెట్టిన రెండు గుంపుల్లో ఎవరికి ఏది అందుతోందో పిల్లలకీ తల్లిదండ్రులకీ తెలియకుండా చూశారు. ఈసారి ఆటిజం లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. శిక్షణ పొందిన వాళ్ళలో సగానికి కాస్త పైన మాత్రమే తమ అలల్ని మార్చుకోగలిగారు. వాళ్ళు పన్నెండేళ్ళు దాటినవాళ్ళు, చెబితే అర్థం చేసుకునేవాళ్ళు. అదే ఏడాది బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్, ఆటిజం పిల్లల మాట సమస్యలకి న్యూరోఫీడ్‌బ్యాక్ వాడొద్దని తన మార్గదర్శకాల్లో రాసింది. మీరు వెళ్ళేది మాట కోసమే కదా.

ఏకాగ్రత లోపం, అదే ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మీద అమెరికాలో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2021లో వచ్చింది. 7 నుంచి 10 ఏళ్ళ పిల్లలు, 140 మందికి పైనే. సగానికి తక్కువ మందికి, వాళ్ళ మెదడు అలల బదులు ముందే రికార్డు చేసి ఉంచిన ఇంకో పిల్లాడి అలలతో తెర నడిపారు. వాళ్ళకి తెలియదు. చివరికి రెండు గుంపులూ బాగుపడ్డాయి, దాదాపు ఒకేలా! ఏడాది దాటాక చూసినా తేడా లేదు. ఎవరి అలలతో నడిపినా ఒకటే అయినప్పుడు బాగుచేసింది అలలు కావు. వారం వారం ఒక పెద్ద మనిషి పక్కన కూచుని శ్రద్ధ పెట్టడం, బాగా చేశావనడం, ఇంట్లో నిద్ర, తిండి వేళకి పడటం, పిల్లాడి వయసు పెరగడం, ఇవన్నీ పనిచేసి ఉండాలి. వీటిలో ఏదీ వైర్లు లేకుండా ఇవ్వలేనిది కాదు.

పూర్తిగా కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. మాట వచ్చి, కుదురుగా కూచోగలిగి, ఆందోళనతో బాధపడే పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలుంటారు. ఇంట్లో డబ్బుకి లోటు లేక, మిగతా థెరపీలు ఏవీ మానకుండా, ఇది ఇంకా రుజువు కాని పద్ధతి అని తెలిసే ప్రయత్నిస్తామంటే నేను అడ్డుపడను. తలనొప్పి, అలసట, చిరాకు తప్ప పెద్ద హాని కనబడదు. మీ పరిస్థితి అది కాదు. 40 సెషన్లకి ఐదేసి గంటల చొప్పున 200 గంటల ప్రయాణం. ఐదున్నరేళ్ళ పిల్లాడు, కిక్కిరిసిన ప్యాసింజర్ రైల్లో తల్లి ఒళ్ళో 200 గంటలు! ఆ 200 గంటలు మీ ఇంట్లో ఉంటే ఏం చేయొచ్చో చెప్పడానికే నేను ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకు చుట్టి, వెంట్రుక కంటే సన్నగా దారం తీసే ఊరు మీది. ఆ రాట్నం మీ వాడికి ప్రాణం. దాన్ని చూస్తూ కూచుంటాడని మీరు బెంగగా రాశారు. నాకు మాత్రం ఆ వాక్యం చదివి సంతోషం వేసింది. పిల్లాడికి ఇష్టమైనది ఏదో తెలిస్తే మా పని సగం అయినట్టే. పైగా ఆ రాట్నం దానంతటది తిరగదు, తిప్పే మనిషి కావాలి. వాడి లోకంలోకి వెళ్ళే తలుపు అక్కడ ఉంది.

రేపు పొద్దున్న సిరప్ వేసి, మత్తు వదిలాక, టీవీ ఆపేసి మొదలుపెట్టండి. అత్తగారు రాట్నానికి ఒక పక్క, బాబు ఎదురుగా, ఆవిడ ముఖం వాడి కళ్ళకి అందే ఎత్తులో ఉండాలి. కదురు సూదిలా ఉంటుంది, దాని వైపు వాడి చెయ్యి వెళ్ళకుండా మీరు పక్కన కూచోండి. ఆవిడ నాలుగు చుట్లు తిప్పి ఆపాలి. చెయ్యి పిడి మీదే ఉంచాలి. 'ఏం కావాలి', 'చెప్పు నాన్నా', 'తిప్పమను' ఇవేవీ అనకూడదు. నవ్వుతూ వాణ్ణి చూస్తూ మనసులో ఐదు లెక్కపెట్టాలి. మాట్లాడకుండా ఉండటం పెద్దవాళ్ళకి ఎంత కష్టమో మీకు మొదటి రోజే తెలుస్తుంది. ఆ ఐదు అంకెల్లో వాడు ఏదో ఒకటి చేస్తాడు. ఆవిడ చెయ్యి పట్టి లాగుతాడు, లేదా 'ఊఁ' అంటాడు, లేదా చక్రం మీంచి కళ్ళెత్తి ఒక్క రెప్పపాటు ఆవిడ ముఖం వైపు చూస్తాడు. అదే వాడి మాట. ఆ క్షణానే ఆవిడ 'తిప్పు' అని ఒక్క మాట అని, తిప్పాలి. ఆలస్యం చేయకూడదు.

ఏడుపు వచ్చే దాకా సాగదీయకండి. ఐదు ఎక్కువైతే మూడుకే ఆగండి. ఏడ్చాక తిప్పితే ఏడిస్తే తిరుగుతుందని నేర్చుకుంటాడు. చెయ్యి లాగడం మొరటుతనం అనుకుని వద్దనకండి, నోరు రాని పిల్లాడు చేత్తో అడుగుతున్నాడు. ఒకసారికి పది నిమిషాలు, రోజుకి మూడుసార్లు చాలు. కంప్యూటర్ తెర మీద కారు నడిపేటప్పుడు వాడి మెదడులో ఏదో అల పెరిగిందని వాడికి తెలియదు. ఇక్కడ మాత్రం, నానమ్మ వైపు చూశాను, చక్రం తిరిగింది అని వాడికి తెలుస్తుంది. ఫీడ్‌బ్యాక్ కావాలంటే ఇంతకంటే సూటిగా అందేది నాకు కనబడటం లేదు.

రెండు మూడు వారాలకి ఆపగానే చూడటం అలవాటైతే, ఆవిడ 'తి...' అని ఆగి చూడాలి. మిగతాది వాడు అందుకోవచ్చు, అందుకోకపోనూ వచ్చు. అందుకోకపోతే ఆవిడే పూర్తిచేసి తిప్పాలి. ఇది పరీక్ష కాకూడదు. తర్వాత ఏకుల బుట్ట మీ దగ్గర పెట్టుకోండి. నానమ్మ 'ఏకు' అని మీ వైపు చెయ్యి చాపాలి, మీరు బాబు చేతికిచ్చి ఇప్పించాలి. ఇప్పుడు ఆటలో ముగ్గురయ్యారు. మీవారు ఫోన్ చేసే వేళకి ఈ ఆట పెట్టుకోండి, హైదరాబాద్ నుంచి ఆయన కూడా 'తిప్పు' అనొచ్చు. మాటలు మీ ఇంటి యాసలోనే ఉండాలి. ఆటిజం పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడమని ఎవరైనా చెబితే వినకండి. నానమ్మ వాణ్ణి 'గుంటడా' అని పిలిస్తే అదే వాడి భాష.

ఇది నా ఒక్కదాని నమ్మకం కాదు. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో ఒక పరిశోధన చేశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. నేర్పినవాళ్ళు పెద్ద పెద్ద నిపుణులు కారు, శిక్షణ తీసుకున్న ఆరోగ్య కార్యకర్తలు. పిల్లాడితో ఎలా ఆడాలో, ఎక్కడ ఆగి ఎదురుచూడాలో తల్లిదండ్రులకి నేర్పారు. తల్లులు పిల్లల తీరుకి తగ్గట్టు నడవడం, పిల్లలు తమంతట తాము తల్లిని పలకరించడం పెరిగాయి. అన్నీ మారిపోలేదు, ఆటిజం పోలేదు. కానీ పిల్లాడు తల్లి వైపు తిరగడం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. 'మామూలు పిల్లాడవుతాడు' అని నేను మాటివ్వను. ఆటిజం వచ్చి పోయే జ్వరం కాదు. వాడు వాడిలాగే ఎదుగుతాడు, నేర్చుకుంటాడు, ఎంత అన్నది ముందే చెప్పే యంత్రం లేదు.

మీ వల్లేనా అని అడిగారు. మీ వల్ల కాదు. ఆటిజం చాలావరకు జన్యువుల్లో, పుట్టకముందే మెదడు ఎదిగే తీరులో ఉంటుంది. ఫోను తగ్గించడం మంచిదే, వాడితో గడిపే టైము పెరుగుతుంది కాబట్టి. నేరంలాగా మోయకండి, పడుకోండి.

ఇంట్లో చేసేది ఒక్కటే సరిపోదు, వెనక ఒక థెరపిస్టు ఉండాలి. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో, మనవాళ్ళు ఇప్పటికీ రిమ్స్ అంటారు కదా, పిల్లల విభాగంలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రం, గురించి అడగండి. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలకి అక్కడ ఉచితంగా చూస్తారు. చెవి పరీక్ష, అదే బెరా, చేయించారో లేదో మీరు రాయలేదు. పిలిస్తే పలకని పిల్లాడికి అది తప్పకుండా చేయించాలి, ఆలస్యం చేయకండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం సంగతి ఎంఈవో ఆఫీసులో కనుక్కోండి. ప్రైవేటుగా ఎవరి దగ్గరికి వెళ్ళినా వాళ్ళ ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలిలో, అంటే ఈ ఆర్‌సీఐలో, నమోదై ఉండాలని 1992 చట్టం చెబుతోంది. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్ళ దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

వైకల్యం ఎంత శాతమో తెలిపే సదరం సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే సచివాలయంలో స్లాట్ బుక్ చేయించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. 40 ప్రశ్నలున్న ఐసా అనే కొలతతో చూసి శాతం వేస్తారు. 40 శాతం గానీ ఆ పైన గానీ ఉంటే పింఛనుకి అర్హత, 2024 జులై నుంచి అది నెలకి 6,000. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ బీమా కూడా తీసుకోండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యానికి, థెరపీలకి ఇస్తుంది. మీ మరిదిని ఏమీ అనకండి. అన్న కొడుకు కోసం పనులు మానుకుని విశాఖ తిప్పిన మనిషి. ఈ కాగితాల పని ఆయనకే అప్పగించండి, సంతోషంగా చేస్తారు. కట్టిన 6,000 తిరిగి రాకపోవచ్చు. అది కట్టాం కదా అని 60,000 కట్టకండి.

అత్తగారు అరసవల్లి మొక్కు ఏదైనా మొక్కుకుని ఉంటే తప్పకుండా వెళ్ళండి. ఆదివారం, రథసప్తమి రద్దీ వద్దు. మధ్యలో ఏదైనా మామూలు రోజు, జనం పలచగా ఉన్నప్పుడు వెళితే వాడూ ప్రశాంతంగా ఉంటాడు.

నెల తర్వాత నాకు రాయండి. ఆఖరి ఫిట్ ఏ తారీఖున వచ్చిందో, సిరప్ ఎన్ని మిల్లీలీటర్లు వేస్తున్నారో, బెరాలో ఏమొచ్చిందో రాయండి. అలాగే రాట్నం ఆపినప్పుడు మొదటి రోజు వాడు ఏం చేశాడు, ఇరవయ్యో రోజు ఏం చేశాడు, రెండూ ఉన్నవి ఉన్నట్టు రాయండి. చిన్నదనుకుని ఏదీ వదలకండి. చెయ్యి ఎక్కడ పట్టుకున్నాడు, ఏ శబ్దం చేశాడు, నానమ్మ ముఖం వైపు చూశాడా లేదా, అవన్నీ నాకు కావాలి.